మాస్టారి గురించి మాట్లాడబోతున్న నీకు

నాయనా,

ఆశీస్సులు. మాస్టారి జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడే పని, ఆయన బొమ్మలతో చిన్న ప్రదర్శన పెట్టే పని, ఆ రోజు పాటలు చూసుకునే పని మూడూ నీ మీదే పడ్డాయని తెలిసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావట. ఇలాంటి కూడికలు కొన్ని దగ్గరుండి జరిపించాను. పైగా ఆయన డ్రాయింగ్ చెప్పే గది పక్క గదిలోనే లెక్కలు చెప్పాను, చర్చిలో ఆయన ఆర్గన్ వాయిస్తుంటే ఏళ్ల తరబడి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, ఆల్టో వరసలో (ఆడవాళ్ల కింది స్థాయి గొంతు వరసలో) నిలబడి పాడాను. అందుకని నాకు తోచినవి రాస్తున్నాను. నచ్చినవి తీసుకో.

ఆయన గొప్పవారని ఆ రోజు నువ్వు నిరూపించాల్సిన పని లేదు. అక్కడికి వచ్చే ప్రతివాళ్లకూ అది తెలుసు, అందుకే వస్తున్నారు. నువ్వు చేయాల్సిందల్లా ఆయన పని ఎలా చేసేవారో చూపించడం. పెన్సిల్ ఎలా పట్టుకోమనేవారు, తప్పు గీత కనిపిస్తే ఏమనేవారు, పాట ఎత్తుకునే ముందు ఎటు చూసేవారు, ఇలాంటివి. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’, ‘మృదుస్వభావి’, ‘ఆయన లేని లోటు తీరనిది’ అనే మాటలు మన నోటికి ఇట్టే వచ్చేస్తాయి. అవి అబద్ధాలేమీ కావు, కానీ ఎవరి పేరు పక్కన పెట్టినా సరిపోతాయి. రాసుకున్న ప్రతి వాక్యంలోనూ మాస్టారి పేరు తీసేసి ఇంకెవరి పేరైనా పెట్టి చూడు. అప్పటికీ వాక్యం చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని కొట్టెయ్.

సంగీతం తెలిసినవాళ్లకు జర్మన్ సంగీతకారుడు బాఖ్ పేరు తెలియకుండా ఉండదు. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా లైప్‌జిగ్‌లో చర్చి సంగీతం బాధ్యత చూసిన మనిషి, మన మాస్టారిలాగే పిల్లలకు నేర్పిన మనిషి. ఆయన మీద వచ్చిన సంస్మరణ వ్యాసం 1754లో అచ్చయింది. రాసినవాళ్లలో ఒకరు కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమ్మానుయేల్, ఇంకొకరు శిష్యుడు అగ్రికోలా. అందులో ఒక సంఘటన ఉంది. తల్లిదండ్రులు పోయాక అన్న ఇంట్లో పెరుగుతున్న రోజుల్లో, అన్న బీరువాలో దాచిన స్వరాల పుస్తకం మీద ఆ పిల్లవాడికి మనసు పడింది. బీరువా తలుపులకు జాలీ ఉండేది. రాత్రిళ్లు చిన్న చేతులు ఆ జాలీలోంచి దూర్చి, అట్ట లేని ఆ పుస్తకాన్ని చుట్టగా చుట్టి బయటికి లాగి, దీపం కూడా లేక వెన్నెల్లో కూర్చుని ఆరు నెలల్లో మొత్తం కాపీ చేసుకున్నాడు. తీరా అన్నకు దొరికిపోతే ఆ కాపీ కాస్తా లాగేసుకున్నాడు. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా బాఖ్ గురించి చెప్పేవాళ్లు ఈ కథ చెబుతూనే ఉన్నారు. ఆ వ్యాసంలో పొగడ్తలకూ తక్కువ లేదు, కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ జాలీ తలుపు, ఆ చిన్న చేతులు. మాస్టారి విషయంలో అలాంటిది ఒక్కటి పట్టుకోగలిగితే చాలు, నీ ప్రసంగం సగం అయిపోయినట్టే.

అన్నిటికంటే ముందు మాస్టారి ఇల్లాలు అమ్మగారిని కలువు. నోట్‌బుక్కు, ఫోను బయటికి తీయకుండా ఒకసారి ఊరికే వెళ్లి కూర్చుని రా. రెండోసారి వెళ్లినప్పుడు మూడు సంగతులు అడుగు. కూడికలో చెప్పకూడనివి ఏమైనా ఉన్నాయా, ఏ బొమ్మలు బయట పెట్టవచ్చు, ఏ పాట వద్దు. చివరిది మరచిపోకు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో పాడుకున్న పాట నిండు హాల్లో వినిపిస్తే తట్టుకోలేని వాళ్లుంటారు. అదే పాట కావాలని అడిగేవాళ్లూ ఉంటారు. మనంతట మనం ఊహించుకోకూడదు. ఆయన జబ్బు గురించి ఎంతవరకు చెప్పాలో కూడా ఆమే చెప్పాలి. అలాగే ఆయన గీసిన బొమ్మల మీద హక్కు ఇప్పుడు ఆ ఇంటివాళ్లది. ఒక్క బొమ్మ ఫొటో ఎక్కడ పెట్టాలన్నా అడిగి పెట్టు. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన సంవత్సరం లాంటివి కాగితాలు చూసి రాసుకో. ఇంట్లోవాళ్లు కూడా దుఃఖంలో ఒక ఏడాది అటూ ఇటూ చెబుతారు.

తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లను వెతుకు. పేరు తెచ్చుకున్న శిష్యులు ఎలాగూ వాళ్లే ఫోన్ చేస్తారు. నువ్వు వెతకాల్సింది బొమ్మలు అసలు రానివాళ్లను. గీత తిన్నగా రాని పిల్లలతో మాస్టారు ఎలా ఉండేవారో వాళ్లకే తెలుసు. క్వయర్‌లోనూ అంతే. సోలో పాడినవాళ్లతో పాటు, శృతి అందక వెనక వరసలో ఉండిపోయినవాళ్లను అడుగు. ఆయన పక్కన నిలబడి పేజీలు తిప్పినవాళ్లు ఎవరైనా ఉంటే వదలకు. వాళ్లంత దగ్గరగా ఆయన చేతుల్ని ఇంకెవరూ చూసి ఉండరు.

‘మాస్టారు ఎలాంటివారు?’ అని మాత్రం అడగొద్దు. ‘చాలా మంచివారు’ అనే జవాబు తప్ప ఇంకేమీ రాదు. చిన్న చిన్న ప్రశ్నలు వెయ్యి. ‘నీ బొమ్మ మీదే దిద్దేవారా, పక్కన వేరే కాగితం మీద గీసి చూపించేవారా?’ అని అడుగు. ఇందులో చాలా ఉంది నాయనా. పిల్లవాడి కాగితం మీద గురువు గీత పడితే ఆ బొమ్మ ఇక పిల్లవాడిది కాదు. నేను చూసినంతవరకు మాస్టారు ఎప్పుడూ పక్క కాగితమే వాడేవారు, చూపించాక దాన్ని మడిచి జేబులో పెట్టేసుకునేవారు, పిల్లవాడు దాన్ని చూసి గీయకుండా. క్వయర్ వాళ్లను ‘పై స్వరం అందకపోతే ఏం చేసేవారు?’ అని అడుగు. పాడేవాళ్లను కసిరేవారా, పాటనే ఒక మెట్టు దించేవారా? ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందే చెప్పి చెయ్యి. మొదట్లోనే ఆ మనిషి పేరు, తేదీ నీ నోటితో చెప్పు. పదేళ్ల తర్వాత వినేవాళ్లకు అది ఎవరి గొంతో తెలియాలి కదా.

క్లాసులో ఆయన అన్న మాటలు ఎవరైనా నోట్‌బుక్కు అంచుల్లో రాసుకున్నారేమో కూడా కనుక్కో. అమెరికాలో రాబర్ట్ హెన్రై అనే చిత్రకళా గురువు ఉండేవారు. ఆయన పాఠాలు, మాటలు 1923లో పుస్తకంగా వచ్చాయంటే అది మార్జరీ రయర్సన్ అనే శిష్యురాలు కూర్చిపెట్టడం వల్లనే. ఇప్పటికీ బొమ్మలు నేర్చుకునేవాళ్లు ఆ పుస్తకం చదువుతున్నారు. మాస్టారి మాటలు పుస్తకం కాకపోయినా నాలుగు పేజీలు అవుతాయి, ఆ నాలుగు పేజీలకూ విలువ ఉంది. అయితే ఎవరు గుర్తుపెట్టుకుని చెప్పిన మాటో పక్కన రాయి. బాగుందని ఎక్కడో చదివిన మాట తెచ్చి ఆయన నోట పెట్టొద్దు.

ఇక ప్రసంగం కట్టుబడి. చాలామంది ఇక్కడ మనిషిని రెండు ముక్కలు చేస్తారు. ముందు డ్రాయింగ్ మాస్టారు, ఆయన సేవలు. తర్వాత ‘అంతేకాక’ అని మొదలుపెట్టి చర్చి, ఆర్గన్. స్కూలువాళ్లు మొదటి సగం వింటారు, సంఘంవాళ్లు రెండో సగం వింటారు, మాస్టారు మాత్రం ఎవరికీ పూర్తిగా కనబడరు. రెండు చోట్లా పనిచేసింది ఒకే మనసు. అది ఎక్కడ కలిసిందో వెతుకు.

నాకు కనిపించింది చెబుతాను. కుర్చీ గీయమని ఇచ్చినప్పుడు మాస్టారు కుర్చీని చూడొద్దనేవారు. కాళ్ల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది గీయమనేవారు. పిల్లలు తికమకపడేవారు. కుర్చీ అనగానే మనకు తెలిసిన కుర్చీ ఒకటి బుర్రలో ఉంటుంది, చెయ్యి దాన్నే గీసేస్తుంది. ఖాళీకి పేరు లేదు కాబట్టి కన్ను దాన్ని నిజంగా చూడక తప్పదు. ఆ ఖాళీలన్నీ సరిగ్గా గీసేసరికి కుర్చీ దానంతట అదే కాగితం మీదికి వచ్చేది, అదీ కొలతలు తప్పకుండా. పిల్లల ముఖాలు వెలిగిపోవడం కిటికీలోంచి చూసేదాన్ని.

ఆదివారం ఆయన వాయించేది విన్నా అదే పద్ధతి. పియానో మీద మీట గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది, నొక్కి పట్టుకున్నా ఆ స్వరం నెమ్మదిగా తగ్గిపోతుంది. ఆర్గన్ అలా కాదు. ఎంత గట్టిగా నొక్కినా అదే శబ్దం, నొక్కి పట్టుకున్నంతసేపూ తగ్గదు. దానికి ఊపిరి తీసుకోవాల్సిన అవసరం లేదు, పాడే మనుషులకు ఉంది. అందుకే ఆర్గన్ మీద మాటకు ఊపు రావాలంటే చెయ్యి ఎక్కడ ఎత్తాలో తెలియాలి. మాస్టారు ప్రతి పాదం చివర ఒక్క క్షణం చెయ్యి ఎత్తేవారు. చరణం అయ్యాక ఇంకొంచెం ఎక్కువ ఆగేవారు, ముసలివాళ్లకు కూడా ఊపిరి అందేదాకా. ఆ ఆగడంలో తాను కూడా మాతో పాటు ఊపిరి తీసుకునేవారు, భుజాలు లేవడం మాకు కనిపించేది. కొత్తగా వచ్చినవాళ్లు కూడా సరిగ్గా అందుకుని పాడేవారు, ఎలా పాడామో వాళ్లకే తెలిసేది కాదు. ఖాళీని పట్టించుకోవడం ఆయనకు రెండు చోట్లా ఒకటే. నేను చూసిన కలయిక ఇది. నువ్వు శిష్యుడివి కాబట్టి నీకు వేరేది కనిపించి ఉండవచ్చు. అదైతే అదే చెప్పు, నాది అరువు తెచ్చుకోవద్దు.

ప్రదర్శన సంగతికి వద్దాం. ఇక్కడ ప్రేమతోనే పాడుచేసేవాళ్లు ఎక్కువ, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. ఆయన స్కెచ్‌బుక్కుల్లోంచి పేజీలు చింపొద్దు, ఏ బొమ్మనూ లామినేషన్ చేయించొద్దు, వెనక సెల్లో టేప్ అంటించొద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగిపోతుంది, తర్వాత ఎవరూ తీయలేరు. లామినేషన్ అయితే వేడికి బొమ్మ ప్లాస్టిక్‌తో ఒకటైపోతుంది. బొగ్గుతో, పాస్టెల్‌తో వేసినవి ఒకదాని మీద ఒకటి పెడితే చెరిగిపోతాయి. మధ్యలో నున్నగా, పల్చగా ఉండే గ్లాసీన్ కాగితం, దొరక్కపోతే ఆమ్లం లేని నున్నటి కాగితం వెయ్యి. బొమ్మ వెనక వివరం రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, ఒత్తకుండా రాయి. బాల్‌పెన్ వద్దు. నూనెరంగుల బొమ్మల మీద దుమ్ముంటే తడిగుడ్డ జోలికి పోవద్దు.

నీటిరంగులకు వెలుతురే శత్రువు. వెలిసిన రంగు మళ్లీ తేవడం ఎవరి తరమూ కాదు. మ్యూజియంలలో కాగితం మీది నీటిరంగులను దాదాపు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురులోనే చూపిస్తారు, అంటే బాగా మసక వెలుతురు. మనం లక్స్ మీటర్లు పట్టుకుని తిరగనక్కర్లేదు కానీ ఎండ పడే కిటికీ ఎదురుగా మాత్రం పెట్టొద్దు. కూడిక అయ్యేదాకా అసలు బొమ్మలు ఉంచి, ఆ తర్వాత గోడ మీద ఎప్పటికీ ఉండాలంటే మంచి ప్రింట్లు పెట్టండి. ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేసి, నీడపట్టు కిటికీ వెలుతురులో, కెమెరా బొమ్మకు సరిగ్గా ఎదురుగా ఉండేలా తియ్యి. స్కాన్ చేసేవి 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా, చిన్న స్కెచ్‌లైతే 600లో చెయ్యి. ఆ ఫైళ్లు ఒక్క ఫోన్‌లోనే ఉంచుకోకు. ఒక కాపీ అమ్మగారి ఇంట్లో, ఒకటి నీ దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో ఉండాలి.

అన్నీ పూర్తయిన గొప్ప బొమ్మలే పెట్టాలని పట్టుబట్టకు. ఒకే చేతిని పదిసార్లు గీసి పదిసార్లు కొట్టేసిన పేజీ ఉంటే దాన్ని నడుమ పెట్టు. పిల్లలు దాని ముందు ఎక్కువసేపు నిలబడతారు చూడు, మాస్టారికి కూడా మొదటిసారే రాలేదని తెలిసి.

వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది ఆయన పాటల పుస్తకం. బొమ్మలంటే అందరూ జాగ్రత్త పడతారు, ఆ పాత పుస్తకాన్ని మాత్రం అట్ట ఊడిపోయిందని ఏ బీరువా అడుగునో పడేస్తారు. అందులో ప్రతి పాట పక్కనా ఆయన పెన్సిల్ గుర్తులున్నాయి. ఏ శృతిలో ఎత్తుకోవాలి, ఏ చరణం నెమ్మదించాలి, ఎక్కడ ఊపిరి, ఎవరి పెళ్లికి వాయించారు, ఎవరి సమాధి కార్యక్రమానికి వాయించారు, అన్నీ. పాట పైన 8.6.8.6 లాంటి అంకెలు చూసే ఉంటావు. మొదటి పాదంలో ఎనిమిది అక్షరాలు, రెండో దాంట్లో ఆరు, మళ్లీ అలాగే అని. అంకెలు కలిస్తే ఒక పాట మాటల్ని ఇంకో పాట ట్యూన్‌లో పాడుకోవచ్చు. మాటల ఒత్తులు కూడా ట్యూన్‌కు పడుతున్నాయా లేదా అన్నది వాయించేవాళ్లు చూసుకోవాలి. సంఘానికి ట్యూన్ కొత్తదై తడబడుతుందని అనిపిస్తే మాస్టారు తెలిసిన ట్యూన్ వెతికి దాని పేరు పక్కన రాసిపెట్టేవారు. ఏ పుస్తకంలోనూ అచ్చుకాని ఆయన విద్య అంతా ఆ అంచుల్లోనే ఉంది.

ఆ పుస్తకాన్ని ఖాళీ పేజీలతో సహా వరసగా స్కాన్ చెయ్యి. పేజీల మధ్య చీటీలు ఉంటాయి. తీయకముందే అవి ఏ పేజీలో ఉన్నాయో ఫొటో తియ్యి, ఎందుకంటే ఆ చీటీ ఆ పాట దగ్గర ఉండటానికి కారణం ఉండే ఉంటుంది. పెన్సిల్ రాతలు శుభ్రం చేస్తామని ఎవరైనా ఉత్సాహపడితే ఒప్పుకోవద్దు. తర్వాత ఆర్గన్ నేర్చుకునేవాళ్లకు ఆ స్కాన్ ఇవ్వు.

ఆ రోజు పాటలు తక్కువ పెట్టండి, కానీ అందరూ పాడేవి పెట్టండి. ఆయన బతికినంతకాలం సంఘం గొంతు విప్పి పాడాలనే తాపత్రయపడ్డారు. అలాంటి మనిషి కూడికలో జనం కూర్చుని క్వయర్ పాడేది వినడం నాకు సరిగా అనిపించదు. దుఃఖంలో గొంతు పైకి లేవదు, అందుకని మామూలుగా పాడే శృతికంటే అర మెట్టో ఒక మెట్టో దించుకోండి. అలాగని వేగం మరీ తగ్గించొద్దు. నెమ్మదిగా పాడితే గంభీరంగా ఉంటుందనుకుంటారు గానీ ఊపిరి చాలక పాదం మధ్యలోనే తెగిపోతుంది, ఏడుపు కూడా అక్కడే అడ్డుపడుతుంది. పాట ఎత్తుగడ పూర్తిగా వాయించి, అందరూ ఎక్కడ అందుకోవాలో తెలిసేలా ఆగి, అప్పుడు మొదలుపెట్టమను. ఒక చరణం వాద్యం లేకుండా పాడితే నాలుగు గొంతుల వరసలూ ఆయన నేర్పినట్టే వినిపిస్తాయి. నేను ఆల్టోలో ఉంటాను.

గౌరవం పేరుతో ఆర్గన్ మూసేసి రికార్డింగులు పెడదామని కొందరు అంటారు. నా మాటగా వద్దని చెప్పు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఆ చిన్నమ్మాయి చేత వాయించండి. ఒకటి రెండు స్వరాలు తప్పినా పరవాలేదు, ఆయన ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది అందుకే కదా. ఆయన వాయించిన రికార్డింగు ఉంటే కూడిక మొదలయ్యే ముందు, జనం వచ్చి కూర్చునేటప్పుడు వినిపించండి.

నీ ప్రసంగం ఐదారు నిమిషాలు దాటకుండా చూసుకో. రాసుకున్నాక గట్టిగా చదువు, ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ. ఎక్కడ నీ గొంతు పూడుకుపోతుందో ఇంట్లోనే తెలుస్తుంది. ఆ వాక్యం తీసేయనక్కర్లేదు, దానికి ముందు ఒక చిన్న వాక్యం పెట్టుకో, ఆగి ఊపిరి తీసుకోవడానికి. కాగితం పెద్ద అక్షరాలతో ఉండాలి, కళ్లు చెమ్మగిల్లినా కనిపించేంత. ఇంకో కాపీ పాస్టరు గారి చేతిలో పెట్టు. నువ్వు చదవలేకపోతే ఆయన అందుకుంటారు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. మాస్టారి రంగుల పెట్టె పిల్లలకు పంచేద్దామని అమ్మగారు అంటున్నారట. ఆమె మనసు గొప్పదే, కానీ పాత నూనెరంగుల ట్యూబుల్లో సీసం ఉన్న తెలుపు, కాడ్మియం ఉన్న ఎరుపు, పసుపు ఉండవచ్చు. అవి చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. కుంచెలు, పెన్సిళ్లు, ఈజిల్, మిగిలిన కాగితాలు నిశ్చింతగా ఇవ్వవచ్చు. ఆయన పేరుతో ఏమైనా చేయాలని సంఘంలో చందాలు పోగవుతున్నాయని కూడా విన్నాను. పాలరాతి పలక కంటే ఏటా ఒక పిల్లకో పిల్లవాడికో ఆర్గన్ నేర్పించే ఫీజు, ఇంకొకరికి బొమ్మల సామాను, ఈ రెండిటికీ వాడమని నా అభిప్రాయం. నువ్వు కూడా ఆ మాట కమిటీలో గట్టిగా చెప్పు.

డ్రాఫ్ట్ అయ్యాక నాకు పంపు. నీ మాటల జోలికి రాను, తేదీలు, పాటల వరస, శృతులు మాత్రం సరిచూస్తాను. నా దగ్గర ఆయన చేత్తో రాసిచ్చిన ఆల్టో స్వరాల కాగితాలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. ఈసారి క్వయర్ ప్రాక్టీసుకు వచ్చేటప్పుడు తెస్తాను, స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చెయ్యి.

ఇట్లు
నీ మేలు కోరే
లెక్కల టీచరు